లైమా బీన్స్ ఉడికాక కంచంలోకి వచ్చేదెంత?

ప్రశ్న: మేము అమెరికాలో, నార్త్ కరొలైనాలో ఉంటాం. చిక్కుడు గింజల కూర తినాలనిపించినప్పుడల్లా ఇక్కడి సూపర్‌మార్కెట్‌లో దొరికే లైమా బీన్స్ తెచ్చి వండేస్తున్నాను. ఒకసారి ఫ్రోజెన్‌వి, ఒకసారి ఎండువి, తొందరగా ఉంటే డబ్బావి. ఈమధ్య గుంటూరు నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. అత్తయ్యగారికి షుగర్. మామయ్యగారికి బీపీ ఉంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా కాస్త ఎక్కువే. మా పదిహేడేళ్ల అబ్బాయి జిమ్‌కి వెళ్తూ పొద్దున లేస్తే ప్రోటీన్ గొడవే. ఫోన్‌లో యాప్ చూస్తే వంద గ్రాముల లైమా బీన్స్‌కి ఒకచోట 338 కేలరీలు, ఒకచోట 115, ఇంకోచోట 79 అని ఉంది. ఏది నమ్మాలి? పెసల్లాగా మొలకలు కట్టి పచ్చిగా తినొచ్చా అని అబ్బాయి అడుగుతున్నాడు. నానబెట్టిన నీళ్లు పారబోస్తే బలమంతా పోతుందని అత్తయ్యగారు అంటున్నారు. ఇవి మాకు మంచివేనా?

సమాధానం: ముందు ఆ మొలకల సంగతి. వద్దని అబ్బాయికి ఈరోజే చెప్పండి. కారణం కాస్త కిందికి వెళ్లాక వివరంగా రాస్తాను.

ఇక అంకెలు. యాప్ చూపించిన మూడూ నిజమే, మూడూ వేరు వేరు వస్తువులవి. 338 కేలరీలు ఎండు గింజలకి, అంటే ప్యాకెట్ కోసి అప్పుడే తూచినవాటికి. 115 ఉప్పు వెయ్యకుండా ఉడికించిన పెద్ద గింజలకి. 79 డబ్బాలో నీళ్లతో సహా వచ్చేవాటికి. ఎండు గింజ నానీ ఉడికీ తన బరువుకి రెండున్నర నుంచి మూడు రెట్లు అవుతుంది. పెరిగిందంతా నీరే. అందుకే ఉడికిన వంద గ్రాముల్లో దాదాపు డెబ్బై గ్రాములు నీళ్లు ఉంటాయి. 35 గ్రాముల ఎండు గింజలు వండితే ఇంచుమించు వంద గ్రాముల ఉడికిన గింజలు వస్తాయి. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, కంచంలో ఉడికినవి వేసుకుని యాప్‌లో ఎండువాటి లెక్క ఎక్కిస్తారు. ప్రోటీన్ మూడింతలు తిన్నామని సంబరపడేది అబ్బాయి, కేలరీలు మూడింతలని భయపడేది అత్తయ్యగారు. మీరు తినేది ఉడికినవి కాబట్టి 115 లెక్కే పట్టుకోండి.

ఆ 115 కేలరీల్లో ఏముంది? వంద గ్రాములకి ప్రోటీన్ 7.8 గ్రాములు, పిండిపదార్థాలు 21 గ్రాములు, అందులో పీచు 7 గ్రాములు, కొవ్వు అర గ్రాము కూడా లేదు. ఇనుము 2.4 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 43, పొటాషియం 508. ఫోలేట్ అనే బి విటమిన్ 83 మైక్రోగ్రాములు. మీ ఇంట్లో ఉండే అమెరికన్ కప్పు నిండా తీసుకుంటే 188 గ్రాములు తూగుతుంది. అప్పుడు కేలరీలు 216, ప్రోటీన్ 14.7 గ్రాములు, పీచు 13 గ్రాములు, ఇనుము 4.5 మిల్లీగ్రాములు, పొటాషియం 955 మిల్లీగ్రాములు. విటమిన్ సి ఎండు గింజల్లో అసలు లేనట్టే. బి12 ఏ గింజలోనూ ఉండదు కనుక దీన్ని తప్పుపట్టనక్కర్లేదు.

ఈ అంకెల్లో నన్ను ఆకట్టుకునేది ప్రోటీన్ కాదు, పీచు. మనవాళ్లకి రోజుకి 2000 కేలరీల తిండిలో 30 గ్రాముల దాకా పీచు ఉండాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. తెల్లన్నం, పచ్చిపులుసు, పెరుగుతో గడిచిపోయే రోజున అందులో సగం కూడా అందదు. కప్పు లైమా బీన్స్ ఒక్కటే 13 గ్రాములు ఇస్తోంది. దాని పక్కన అన్నం పెట్టి చూడండి: వండిన కప్పు తెల్లన్నంలో 205 కేలరీలు, పిండిపదార్థాలు 45 గ్రాములు, పీచు అర గ్రాము చిల్లర. కేలరీలు రెండింటిలోనూ దాదాపు ఒకటే, లోపలి సరుకు మాత్రం వేరు.

అత్తయ్యగారి షుగర్ విషయం ఇక్కడే తేలుతుంది. లైమా బీన్స్ గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో షుగర్‌ని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, 30 ప్రాంతంలో ఉంటుంది. తెల్లన్నానిది రకాన్ని బట్టి దానికి రెట్టింపు, కొన్ని రకాల్లో అంతకన్నా ఎక్కువ. కాబట్టి గింజలు ఆవిడకి మంచివే. అయితే మన ఇళ్లలో కూర అనేది అన్నంలోకి కలుపుకునే వస్తువు. గింజల కూర రుచిగా కుదిరితే అన్నం ఇంకో గరిటె పడుతుంది. అరకప్పు గింజల్లో దాదాపు 20 గ్రాముల పిండిపదార్థాలున్నాయి, పీచు తీసేసినా 13 గ్రాములు మిగులుతాయి. ఇది బెండకాయ కూరో దొండకాయ వేపుడో కాదు. ఎప్పుడూ పెట్టుకునే అన్నం మీదే ఇదీ వేసుకుంటే, గ్లైసీమిక్ ఇండెక్స్ ఎంత తక్కువైనా భోజనం తర్వాత మీటర్ పైకే చూపిస్తుంది. అరకప్పు గింజలు వడ్డించినప్పుడు అరకప్పు అన్నం తీసెయ్యండి. రోజూ ఒకటిన్నర కప్పు తినేవారైతే కప్పు అన్నం, అరకప్పు గింజలు. ఆ రోజు పప్పు కూడా చెయ్యాలని లేదు. బంగాళాదుంప ముక్కలు అందులో కలపకండి. తిన్న రెండు గంటలకి ఆవిడ షుగర్ చూసుకుంటే మీ ఇంటి లెక్క మీకే తెలుస్తుంది, నా మాట మీద ఆధారపడాల్సిన పని ఉండదు.

అబ్బాయికి చెప్పాల్సింది ఇంకోలా ఉంటుంది. పదహారు పదిహేడేళ్ల మగపిల్లలకి రోజుకి దాదాపు 55 గ్రాముల ప్రోటీన్ అని మన భారతీయ ప్రమాణం. అదంతా లైమా బీన్స్‌తోనే సంపాదించాలంటే నాలుగు కప్పులకి కాస్త తక్కువ తినాలి. అంటే 800 కేలరీలు, దాదాపు 50 గ్రాముల పీచు. మధ్యాహ్నానికి వాడు జిమ్‌లో ఉండడు, బాత్రూమ్‌లో ఉంటాడు. ప్రోటీన్ ఉన్న గింజ ఇది, నిజమే, కానీ ప్రోటీన్ గింజ అని పేరు పెట్టేంత లేదు. ఉడికిన సోయా గింజల్లో వంద గ్రాములకి 18 గ్రాముల ప్రోటీన్, ఉడికిన శనగల్లో 9 దాకా, రాజ్మాలో దాదాపు 8.7. లైమా బీన్స్ ఆ వరుసలో కాస్త వెనకే నిలబడతాయి. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే ముక్కలతో తయారవుతుంది; వీటి ప్రోటీన్‌లో లైసిన్ అనే ముక్క బాగా ఉంటుంది, మెథియోనిన్ అనేది తక్కువ. అన్నంలోనూ జొన్నరొట్టెలోనూ దీనికి తిరగేసి ఉంటుంది కాబట్టి రోజు మొత్తంలో రెండూ తింటే సరిపోతుంది, ఒకే ముద్దలో కలిసి తీరాలని నియమం ఏమీ లేదు. కప్పు గింజలు, గ్లాసు మజ్జిగ బదులు కప్పు గట్టి పెరుగు, గుప్పెడు వేరుశనగలు, గుడ్డు తినేవాడైతే రెండు గుడ్లు. ఇలా పంచుకుంటే పౌడర్ డబ్బా కొనే అవసరం రాదు.

మీరు అడగలేదు గానీ ఇనుము గురించి మీకోసం రాస్తున్నాను. ఇంట్లో అందరి జబ్బులూ రాసి మీ సంగతి వదిలేశారు. అమెరికన్ ప్యాకెట్ మీద శాతాలు 18 మిల్లీగ్రాముల ఇనుము లెక్కన వేస్తారు, కాబట్టి కప్పు గింజల్లో 25 శాతం అని చూపిస్తుంది. మన ప్రమాణాల్లో ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాములు. మొక్కల నుంచి వచ్చే ఇనుము ఒంటికి తక్కువ పడుతుంది కాబట్టి, మన తిండిని చూసి పెట్టిన లెక్క అది. ఆ ప్రకారం అదే కప్పు 15 శాతమే. ఒంటికి పట్టడం పెరగాలంటే విటమిన్ సి కావాలి. దించాక నిమ్మకాయ పిండండి, లేదా పక్కన పచ్చి క్యాప్సికమ్ ముక్కలో జామకాయో పెట్టుకోండి. చింతపండు పుల్లగా ఉంటుంది గానీ అందులో విటమిన్ సి నామమాత్రం. భోజనం అవ్వగానే టీ తాగే అలవాటుంటే గంట సేపు వాయిదా వెయ్యండి, టీలోని టానిన్లు ఇనుముని పట్టి ఆపేస్తాయి.

ఇంతకీ చిక్కుడు గింజల బదులు ఇవి సరిపోతాయా? రుచిలో దగ్గరే. మొక్కలు మాత్రం వేరు. మన చిక్కుడు, రాయలసీమలో అనపకాయ, ఒక జాతి. లైమా బీన్స్ దక్షిణ, మధ్య అమెరికాలది. పెద్ద గింజల రకం పెరూ వైపుది, అక్కడి తీరంలో మోచే అనే ప్రాచీన జనం వెయ్యేళ్లకి ముందే కుండల మీద ఈ గింజల బొమ్మలు వేసుకున్నారు. మీరుండే దక్షిణాది రాష్ట్రాల్లో పక్కింటివాళ్లు బటర్ బీన్స్ అనేవి ఇవే. బెంగళూరు, చెన్నై మార్కెట్లలో డబుల్ బీన్స్ అని అమ్మేదీ ఈ జాతే. పోషకాలు చూస్తే, ఉడికిన ముదురు చిక్కుడు గింజల్లో వంద గ్రాములకి 117 కేలరీలు, ప్రోటీన్ 8 గ్రాములు. అక్కడిదాకా కవలలే. కానీ ఇనుము 4.6 మిల్లీగ్రాములు, అంటే లైమా బీన్స్‌కి దాదాపు రెట్టింపు. పొటాషియం 337 మాత్రమే. మీ ఊళ్లో ఇండియన్ స్టోర్ ఉంటే ఫ్రీజర్‌లో సుర్తి పాప్డీ లిల్వా అని గుజరాతీ పేరుతో ఉండే ప్యాకెట్ చూడండి. అవి చిక్కుడు జాతి లేత గింజలు. దొరికితే మామయ్యగారికోసమైనా అవే తీసుకోండి.

ఎందుకంటే ఈ ఇంట్లో లైమా బీన్స్ వల్ల నిజంగా జాగ్రత్త పడాల్సింది ఆయనే. కిడ్నీలు సరిగా ఉన్నవాళ్లకి పొటాషియం మేలే చేస్తుంది, బీపీ అదుపులో ఉండటానికి సాయపడుతుంది. కిడ్నీ పని తగ్గినవాళ్లకి మాత్రం ఎక్కువైన పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది, అది గుండె లయ మీద దెబ్బ కొడుతుంది. కప్పుకి 955 మిల్లీగ్రాములు అంటే మామూలు అరటిపండ్లు రెండింటిలో ఉన్నదానికన్నా ఎక్కువ. పైగా బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటి మాత్రలు వాడేవాళ్లలో పొటాషియం ఇంకొంచెం పెరిగే వీలుంది. ఆయన వేసుకునే మాత్ర ఏదో చూడండి. ఇంట్లో బీపీ కోసమని లో సోడియం ఉప్పు కొని ఉంటే దాని వెనక చదవండి, చాలావాటిలో సోడియం బదులు కలిపేది పొటాషియమే. ఆయనకి చేసిన చివరి రక్తపరీక్షలో పొటాషియం ఎంత ఉందో, కిడ్నీ ఏ దశలో ఉందో చూసి డాక్టర్ పరిమితి పెట్టారా అని కనుక్కోండి. పరిమితి ఉంటే ఆయనకి కూరలో రెండు చెంచాలు చాలు, అదీ ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేసినవి. పరిమితి లేదంటే అరకప్పుకి భయపడక్కర్లేదు. క్రియాటినిన్ కాస్త ఎక్కువ అన్న మాట మీద నేను ఇక్కడ కూర్చుని ఇంతకన్నా చెప్పడం తప్పు.

డబ్బా గింజలు ఆయనకి అసలు వద్దు. ఉడికించి ఇంట్లో చేసుకున్న వంద గ్రాముల్లో సోడియం 2 మిల్లీగ్రాములైతే, డబ్బావాటిలో 300 దాటుతుంది. మీకు తొందరై డబ్బా తెరిచిన రోజున నీళ్లు వంపేసి, జల్లెడలో పోసి కుళాయి కింద బాగా కడగండి. సోడియం మూడో వంతుకి పైగా కొట్టుకుపోతుంది.

ఇప్పుడు మొలకలు. లైమా బీన్స్‌లో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది. పచ్చి గింజ నలిగినప్పుడు, నమిలినప్పుడు గింజలోనే ఉండే ఒక ఎంజైమ్ దాన్ని విడగొడుతుంది, అప్పుడు సయనైడ్ పుడుతుంది. తూర్పు గోదావరి వైపు సగ్గుబియ్యం కోసం పండించే కర్రపెండలంలో ఉండేదీ ఇదే పదార్థం, అందుకే ఆ దుంపని ఎవరూ పచ్చిగా తినరు. అమెరికాలో అమ్మే తెల్ల రకాల్లో లినమారిన్ తక్కువ. ముదురు రంగు గింజల్లో, అడవి రకాల్లో చాలా ఎక్కువ. తక్కువ ఉన్న రకమైనా పచ్చిగా తినే గింజ కాదిది. మొలకెత్తినంత మాత్రాన ఆ దోషం పోతుందని నమ్మడానికి లేదు. దీనికి తోడు చాలా బీన్స్‌లో ఉన్నట్టే పచ్చిగా ఉన్నప్పుడు లెక్టిన్లు అనే ప్రోటీన్లు ఉంటాయి, వాటివల్ల వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మొలకలే కావాలంటే పెసలు ఉన్నాయి. తోటలో వేసుకోమని ఎవరైనా రంగురంగుల విత్తనాలు ఇస్తే కూరకి వాడకండి.

సరిగా ఉడికించిన గింజతో ఈ భయం లేదు. ఎండువి రాత్రి నానబెట్టండి, ఎనిమిది గంటలు చాలు. పొద్దున ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పోసి, మూత పెట్టకుండా పది నిమిషాలు తెర్లనివ్వండి. సయనైడ్ ఆవిరితో పాటు పోయేది, మూత లేకపోతే దానికి దారి దొరుకుతుంది. ఆ నీళ్లు కూడా వంపేసి మళ్లీ నీళ్లు పోసి కుక్కర్‌లో పెట్టండి. మూడు విజిల్స్‌కి వేళ్ల మధ్య నలిగిపోవాలి, నలగకపోతే ఇంకొకటి. స్లో కుక్కర్‌లో పచ్చి గింజలు వేసి పడుకోకండి, ఆ సన్నటి వేడి లెక్టిన్లకి సరిపోదు. ఫ్రోజెన్‌వి నానబెట్టక్కర్లేదు, కానీ కరిగించి అలాగే సలాడ్‌లో వెయ్యకూడదు. వేడినీళ్లలో ముంచి తీసి గడ్డకట్టించినవే తప్ప ఉడికినవి కావు. నీళ్లలో పదిహేను ఇరవై నిమిషాలు ఉడికించాకే తాలింపు. లేత గింజలు కాబట్టి వాటిలో కాస్త విటమిన్ సి ఉంటుంది, ఫోలేట్ మాత్రం ఎండువాటికన్నా బాగా తక్కువ.

బలమంతా నీళ్లలో పోతుందన్న అత్తయ్యగారి మాటలో కొంత నిజం ఉంది. ఫోలేట్, బి1, పొటాషియం నీళ్లలో కరుగుతాయి, కొంత పోతాయి. ప్రోటీన్, పీచు దాదాపుగా గింజలోనే ఉంటాయి. బదులుగా పోయేవాటిలో లినమారిన్ ఉంది, కడుపుబ్బరానికి కారణమయ్యే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉన్నాయి, ఇనుముని పట్టి ఉంచే ఫైటేట్లు కొన్ని ఉన్నాయి. పెసరపప్పు, కందిపప్పు ఉడికించిన నీళ్లతో కట్టు చారు కాచుకునే అలవాటు మంచిదే, ఆ పప్పులకి అది సరిపోతుంది. ఈ గింజ దగ్గర ఆ పొదుపు వద్దని ఆవిడకి నా మాటగా చెప్పండి.

త్వరగా ఉడకాలని వంటసోడా వెయ్యకండి, బి1 పాడవుతుంది. చింతపండు, టమాటా ముందే వేస్తే గింజ తోలు గట్టిపడి ఎంతసేపటికీ ఉడకదు. పూర్తిగా మెత్తబడ్డాకే పులుపు. ఉప్పుకి ఆ ఇబ్బంది లేదు, నానబెట్టే నీళ్లలో చిటికెడు వేస్తే తోలు మెత్తబడుతుంది కూడా, కానీ మామయ్యగారి బీపీని బట్టి మీ ఇంట్లో మానెయ్యడమే మేలు. ఇంతవరకు అలవాటు లేని పొట్టకి మొదటి వారం పావుకప్పుతో మొదలుపెట్టండి. ఇంగువ, వాము, అల్లం తాలింపులో వేస్తే కడుపుకి కాస్త హాయిగా ఉంటుంది.

రోజూ ఇంత తతంగం ఎక్కడ కుదురుతుంది అంటారా, శనివారం ఒక పౌండు ప్యాకెట్ మొత్తం ఒకేసారి ఉప్పు లేకుండా ఉడికించండి. ఆరు ఆరున్నర కప్పులు వస్తాయి. నీళ్లు వంపేసి చల్లార్చి అరకప్పు చొప్పున చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి, మూడు నెలలు బాగుంటాయి. వంట రోజున అత్తయ్యగారికి ఒక డబ్బా, అబ్బాయికి రెండు, మీకూ మీవారికీ చెరొకటి, మామయ్యగారిది డాక్టర్ చెప్పాక. యాప్‌లో ఒక్కో డబ్బాకి 108 కేలరీలు, 7 గ్రాముల ప్రోటీన్ అని రాసుకుంటే చాలు, తాలింపు నూనె మాత్రం విడిగా కలపండి.